ఉప్పు డబ్బీకి బెజ్జాలెన్ని?

భీమునిరేవు ప్రభుత్వ అతిథి గృహంలో ఒక ఆషాఢ మాసపు ఉదయాన ప్రత్యేక ప్రధాన కార్యదర్శి శ్రీ కొమరగిరి విద్యాధరరావు గారు వరసగా పద్నాలుగుసార్లు తుమ్మారు. అంకె నేను ఊహించి చెప్పడం లేదు. ఆ తుమ్ములన్నీ తరువాత ప్రభుత్వ ఉత్తర్వు పీఠికలో చేరాయి. ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడి లెక్కపెట్టినవాణ్ణి నేనే. నా పేరు మజ్జి ధనుంజయం. ఆ అతిథి గృహానికి మేనేజరుని.

జరిగింది ఇంతే. ఆయన ముందు ప్లేటులో ఉడకబెట్టిన గుడ్లు రెండున్నాయి. బల్ల మీద తెల్లటి పింగాణీ డబ్బీలు రెండున్నాయి. ఒకదాని మూతకు మూడు బెజ్జాలు, రెండోదానికి ఐదు. ఆయన ఉప్పు కోసమని ఐదు బెజ్జాల డబ్బీ తీసుకుని గుడ్డు మీద గట్టిగా దులిపారు. పడింది మిరియాల పొడి. మా భోజనాల హాల్లోకి సముద్రపు గాలి విసురుగా కొడుతుంది. అందుచేత పొడిలో సగం గుడ్డు మీద, మిగతా సగం ఆయన ముక్కులోకి వెళ్లింది.

తుమ్ములు తగ్గాక ఆయన కళ్లు తుడుచుకుని నన్ను అడిగారు.

"ఉప్పు డబ్బీకి ఎన్ని బెజ్జాలుండాలి?"

"అలాంటి నియమమేమీ లేదండి" అన్నాను.

"లేదా?" ఆయన గొంతులో కోపం లేదు. నిజమైన ఆవేదన ఉంది. "ఇన్ని నియమాలున్న రాష్ట్రంలో దీనికొక్కదానికి నియమం లేదా?"

అప్పుడే వేడి కాఫీ పట్టుకొచ్చిన తవిటమ్మ ఆ మాట విన్నది. అతిథి గృహంలో వంటా వడ్డనా పంతొమ్మిదేళ్లుగా ఆవిడ చేతిమీదే నడుస్తున్నాయి. కాంట్రాక్టు ఉద్యోగం. ఆవిడ చేసిన చేపల పులుసు తినడానికే తనిఖీలు పెట్టుకున్న అధికారులు నాకు తెలుసు.

"మూడు బెజ్జాలది ఉప్పు బాబూ, ఐదుది మిరియాలు. నన్నడిగితే నాను సెప్పనా ఏటి?" అన్నది.

విద్యాధరరావు గారు ఆవిడ వంక జాలిగా చూశారు. "చూడమ్మా, ఒక ప్రభుత్వ అధికారి ఉప్పు ఏదో తెలుసుకోవడానికి ఇంకొకరిని అడగవలసి వచ్చిందంటే అది పరిపాలనా వైఫల్యం."

కాఫీ తాగకుండానే లేచి వెళ్లిపోయారు. పదో రోజుకి ఉత్తర్వు వచ్చింది. 'లవణ మరీచ వితరణ పాత్రల ప్రామాణీకరణ ఉన్నతస్థాయి సంఘం' ఏర్పడింది. 'సంఘటనా స్థలానికి గల చారిత్రక ప్రాధాన్యం దృష్ట్యా' సంఘం సమావేశాలన్నీ మా అతిథి గృహంలోనే జరపాలనీ, నేను నోడల్ అధికారిగా వ్యవహరించాలనీ అందులో ఉంది. నోడల్ అధికారి అంటే ఏమిటని మా జిల్లా కార్యాలయాన్ని అడిగాను. ఏది జరిగినా సంజాయిషీ ఇచ్చేవాడని చెప్పారు.

సంఘానికి అధ్యక్షులుగా రిటైర్డ్ చీఫ్ ఇంజనీరు గుడిమెట్ల పేరిశాస్త్రి గారు వచ్చారు. ఆయన జీవితమంతా నీటిపారుదల శాఖలో గడిచింది. ఉప్పు డబ్బీని అరచేతిలో పెట్టుకుని, తలకిందులు చేసి, మూత వంక చాలాసేపు చూసి, "ఇది తలకిందులైన జలాశయం. ఇవి తూములు. ముందు మనం గరిష్ఠ ప్రవాహం ఎంతో తేల్చాలి" అన్నారు. ఆ రోజు నుంచీ సంఘం పత్రాల్లో బెజ్జాలకు తూములనే పేరు స్థిరపడింది.

సభ్యుల్లో అసలు విషయం తెలిసిన మనిషి ఒక్కరే, చరిత్ర ఆచార్యులు డాక్టర్ హైమవతి గారు. మొదటి సమావేశంలో ఆవిడ అరగంట మాట్లాడారు. పూర్వం ఐరోపా విందుల్లో ఉప్పును డబ్బీలో కాకుండా మూతలేని గిన్నెలో బల్ల మధ్య పెట్టేవారట. గిన్నెకు ఎగువన గొప్పవాళ్లు, దిగువన తక్కువవాళ్లు కూర్చునేవారట. డబ్బీ ఎందుకు వాడలేదంటే ఉప్పు చెమ్మ పీల్చి గడ్డ కట్టేది. గడ్డలు చిదమడానికి డబ్బీలో చిన్న కడ్డీలు పెట్టి చూశారు. చివరికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉప్పులో మెగ్నీషియం కార్బొనేట్ కలిపితే పొడిపొడిగా జాలువారుతుందని తెలిసింది. బెజ్జాల డబ్బీ ఇంటింటికీ చేరింది ఆ తరువాతే.

"మరి బెజ్జాల సంఖ్య?" అన్నారు అధ్యక్షులు.

"ఒక్కో దేశంలో ఒక్కో అలవాటండి. కొన్నిచోట్ల ఉప్పుకి ఒక్కటే, మిరియాలకి ఎక్కువ. కొన్నిచోట్ల తారుమారు. జనం దేన్ని పొదుపుగా వాడుకోవాలనుకున్నారో దానికి తక్కువ బెజ్జాలు పెట్టుకున్నారు. ఏదో ఒకటి ఎంచుకుని డబ్బీ మీద పేరు రాస్తే సరిపోతుందని నా అభిప్రాయం."

మొదటి సమావేశంలోనే సమస్య పరిష్కారమైపోయే ప్రమాదం అందరికీ కనిపించింది. పేరిశాస్త్రి గారే పరిస్థితిని కాపాడారు. "ఆచార్యుల వారి అభిప్రాయం విలువైనది. దాన్ని ఉపసంఘానికి పంపుదాం" అన్నారు.

హైమవతి గారి ప్రసంగంలో సభ్యులకు గుర్తుండిపోయింది ఎగువా దిగువా సంగతి ఒక్కటే. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉప్పు డబ్బీలకు ఎగువన తానుండాలని సంయుక్త కార్యదర్శి ఒకాయన పట్టుబట్టారు. బల్ల గుండ్రంగా ఉండటంతో ఎగువ ఎటో ఎవరికీ తెలియలేదు. డబ్బీలను నేను నాలుగుసార్లు జరిపాను. కూర చల్లారిపోయింది.

అంకె తేలలేదు. ఉప్పుకు ఎక్కువ బెజ్జాలుండాలని ఒక వర్గం, మిరియాలకు ఎక్కువుండాలని ఇంకో వర్గం. తేలేదాకా యథాతథ స్థితి కొనసాగాలని తీర్మానం అయింది. యథాతథ స్థితి అంటే డబ్బీలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. వాటిలోంచి ఏమీ బయటికి రాకూడదు, వాటిలోకి ఏమీ పోకూడదు. కనుక మా అతిథి గృహంలోని పన్నెండు జతల డబ్బీలకూ లోపలి సరుకు నమోదు చేసి, లక్కతో సీలు వేయాలని నిర్ణయించారు.

తవిటమ్మ గొడవ అక్కడే మొదలైంది.

పంచనామా కోసం మొదటి ఉప్పు డబ్బీని తెల్ల కాగితం మీద బోర్లించారు. ఉప్పుతో పాటు ఎర్రగా వేగిన బియ్యపు గింజలు పదకొండు పడ్డాయి. రెండో డబ్బీలో పది. మూడోదాంట్లో మళ్లీ పదకొండు. పేరిశాస్త్రి గారు కళ్లజోడు సవరించుకుని ఒక గింజను కాగితం మీద పెన్ను మొనతో దొర్లించి చూశారు.

"ఇదేమిటి?"

"బియ్యమండి" అన్నాను.

"ఉప్పు డబ్బీలో?"

నేను వంటగది వైపు చూశాను. తవిటమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"నానే ఏసినాను బాబూ. ఇక్కడ గాలంతా ఉప్పుగాలి. పొద్దుట నింపితే మద్యానానికి గెడ్డ కట్టీసి రాయైపోద్ది. నాలుగు గింజలు ఏపి ఏత్తే సెమ్మ అయ్యి పీల్సేసుకుంటాయి. బెజ్జంలోంచి గింజ రాదు, ఉప్పొక్కటే వొత్తాది."

"ఏ ప్రమాణం ప్రకారం వేశావు?"

"ప్రెమాణం ఎందుకు బాబూ, నానే ఏసినానని ఒప్పుకుంతన్నాను కదా" అన్నది తవిటమ్మ, ఆయన ఒట్టు వేయమంటున్నాడనుకుని.

మినిట్స్‌లో 'సదరు ఉద్యోగిని ప్రమాణాల పట్ల తనకు గల అవజ్ఞను సభాముఖంగా అంగీకరించినది' అని నమోదైంది. రాసింది నేనే. అధ్యక్షులు చెబుతుంటే రాశాను.

వారం రోజుల్లో ఆవిడ మీద అభియోగ పత్రం తయారైంది. ఒకటి, ప్రభుత్వ ఉప్పును బియ్యంతో కల్తీ చేయుట. రెండు, ప్రభుత్వ బియ్యాన్ని భోజనేతర అవసరాలకు మళ్లించుట. మూడు, సదరు బియ్యాన్ని అనుమతి లేకుండా వేయించుట. కింద సంతకం నోడల్ అధికారిది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడాది కాంట్రాక్టు ఉద్యోగులను పర్మనెంటు చేసే జాబితాలో తవిటమ్మ పేరు ఉంది. పంతొమ్మిదేళ్లు ఎదురుచూస్తే వచ్చిన జాబితా. మొగుడు పడవ ప్రమాదంలో పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఈ వంటగది పొగలోనే పెంచి పెళ్లిళ్లు చేసింది. ఇక తన ముసలితనానికి ఆధారం ఆ జాబితాయే. అభియోగం పెండింగులో ఉన్నవాళ్ల పేర్లు జాబితాలోంచి తీసేస్తారని నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. పెట్టకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం కూడా లేకపోయింది.

కాగితం ఇస్తే తవిటమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటి రాసినారు?"

చదివి వినిపించాను. మూడో అభియోగం దగ్గర నవ్వింది. "ఏపకుండా పచ్చి బియ్యం ఏత్తే పురుగు పడదా బాబూ?" అన్నది. కాగితం చివర నా సంతకం కనిపించాక నవ్వడం మానేసింది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం ఎప్పటిలాగే వడ్డించింది. కోప్పడి ఉంటే బాగుండేది. రెండు ముద్దలు తిని లేచిపోయాను.

ఆవిడను వంటగదిలోంచి తప్పించి దుప్పట్లు ఉతికే పనికి మార్చారు. సంఘం తన పనిలో పడింది.

నాలుగు నెలల్లో ఆరు సమావేశాలు జరిగాయి. బెజ్జాల సంఖ్య ఎంతకీ తేలకపోయేసరికి పేరిశాస్త్రి గారికి ఒక ఆలోచన తట్టింది. బెజ్జాలనే అక్షరం ఆకారంలో పెడితే? ఉప్పు డబ్బీ మూత మీద 'ఉ', మిరియాల డబ్బీ మూత మీద 'మి'. బెజ్జాలెన్ని అన్న ప్రశ్నే ఉండదు. అక్షరానికి ఎన్ని కావాలో అన్ని. అందరూ బల్లలు చరిచారు. ఆచార్య హైమవతి గారు కూడా ఇది బాగానే ఉందన్నారు. పైదేశాల్లో కూడా మొదటి అక్షరం ఆకారంలో బెజ్జాలు పెట్టే అలవాటుందట.

ముసాయిదాను అభిప్రాయం కోసం భాషా విభాగానికి పంపారు. అక్కణ్ణుంచి ఏడు పేజీల జవాబు వచ్చింది. "'మి' అనగా మిరియములా, మిరపపొడియా, మినుములా అనునది స్పష్టముగా లేదు. 'ఉ' అనగా ఉప్పే కానవసరము లేదు. ఉలవలు, ఉసిరికపొడి మొదలగునవి కూడ కావచ్చును. మాతృభాషను ఒక్క అక్షరమునకు కుదించుట సమంజసము కాదు. పూర్తి పదము ఉండవలెను."

దాంతో మూత మీద 'ఉప్పు' అని పూర్తిగా రాయవలసి వచ్చింది. పకారానికి తలకట్టు బదులు కొమ్ము, కింద వత్తు. ఒక్కో వంపుకూ బెజ్జాలు పొడుచుకుంటూ పోతే మొత్తం ఎనభై నాలుగయ్యాయి. 'మిరియాలు'కి నూట ముప్పై ఒకటి.

నమూనా డబ్బీ వచ్చిన రోజు అధ్యక్షులు స్వయంగా దోసకాయ ముక్క మీద పరీక్ష చేశారు. డబ్బీ బోర్లించారు. డబ్బీలో ఉన్న ఉప్పంతా క్షణంలో ముక్క మీద పడింది. ముక్క కనబడకుండా పోయింది.

"తూముల వ్యాసం తగ్గించాలి" అన్నారు ఆయన, ఏమాత్రం తొణక్కుండా.

రెండో నమూనాలో బెజ్జాలను సూది మొనంత చేశారు. మూత మీద అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. భాషా విభాగం అభినందన లేఖ పంపింది. డబ్బీ బోర్లిస్తే ఒక్క రవ్వ కూడా రాలలేదు. సముద్రపు గాలికి లోపల ఉప్పు గడ్డ కట్టింది. సభ్యులు డబ్బీని దులిపారు. బల్లకేసి కొట్టారు. సంయుక్త కార్యదర్శి గారు నోటితో ఊదారు. పేరిశాస్త్రి గారు పెదవి విరిచి, "ఇది రూపకల్పన లోపం కాదు. వాతావరణం సహకరించడం లేదు" అన్నారు.

వాతావరణాన్ని దారికి తేవడానికి రాజధాని నుంచి ఒక కన్సల్టెన్సీని పిలిచారు. కోట్లు తొడుక్కున్న కుర్రవాళ్లు ముగ్గురు వచ్చి రెండు వారాలు మా సముద్రం వైపు గదుల్లో ఉన్నారు. గాలిలో చెమ్మ కొలిచారు. దుప్పట్లు ఆరేస్తున్న తవిటమ్మ దగ్గరికి వెళ్లి, ఒకప్పుడు ఉప్పు గడ్డ కట్టకుండా ఏం చేసేదని అడిగారు. ఆవిడ చెప్పింది. వాళ్లు రాసుకున్నారు. నెల తరువాత తొంభై ఆరు పేజీల నివేదిక వచ్చింది. తొంభై మూడో పేజీలో సిఫార్సు ఉంది. 'ఉష్ణసంస్కారిత నైసర్గిక ధాన్యాధారిత ఆర్ద్రతా శోషకాలను పాత్రకు పది నుంచి పన్నెండు యూనిట్ల చొప్పున వినియోగించవలెను.'

నేను ఆ వాక్యం మూడుసార్లు చదివాను. ఉష్ణసంస్కారిత అంటే వేయించిన. ధాన్యం అంటే బియ్యం. పది నుంచి పన్నెండు గింజలు.

సంఘం సిఫార్సును ఏకగ్రీవంగా ఆమోదించింది. అది ప్రభుత్వ విధానం అయింది.

ఆ రోజు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఉద్యోగంలో చేరిన ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఎవరూ అడగకుండా ఒక నోట్ రాశాను. 'శ్రీమతి తవిటమ్మ చేసిన పనినే ప్రభుత్వం ఇప్పుడు విధానంగా స్వీకరించినందున ఆమెపై గల అభియోగాలను ఉపసంహరించి, ఆమె పేరును తిరిగి జాబితాలో చేర్చవలసినదిగా కోరుచున్నాను.' రాసి విద్యాధరరావు గారి కార్యాలయానికి పంపాను.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది.

'నోడల్ అధికారి వాదన పరిశీలించడమైనది. సదరు ఉద్యోగిని బియ్యము వేసిన నాటికి విధానము అమలులో లేదు. కావున అభియోగములు నిలుచును. అదియునుగాక, విధానము రూపొందక మునుపే దానిని అనుమతి లేకుండా అమలుపరచినందులకు నాలుగవ అభియోగము చేర్చవలసినదిగా ఆదేశించడమైనది.'

కాగితం పట్టుకుని దుప్పట్ల దగ్గరికి వెళ్లాను. ఈసారి తవిటమ్మ చదవమనలేదు. నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"పోన్లెండి. మీరు రాసినారట కదా, గుమస్తా సెప్పినాడు" అన్నది.

"రాశాను. పని జరగలేదు."

"ఆ పేపరేదో మొదటి రోజే రాసుంటే జరిగీది" అన్నది. తిట్టినట్టు అనలేదు. తడి దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం పట్టుకుని పిండాం. దాన్ని తీగ మీద ఆరేసి, అటు తిరిగి చెప్పింది. "నాను మానేత్తన్నాను. రేపటి నుండి రాను."

నేను ఇంకో దుప్పటి తీసి కొస ఆవిడకు అందించాను.

నెల తిరగకుండా మా అతిథి గృహం ముందు గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల, ఒక టిఫిన్ బండి వెలిసింది. పెద్ద పెనం, రెండు బెంచీలు, ఆకాశం రంగు పట్టా. పెసరట్లు, మధ్యాహ్నం చేపల పులుసూ అన్నమూ. ఉప్పు మూతలేని మట్టి చిప్పలో ఉండేది. కావలసినవాళ్లు చిటికెతో తీసుకునేవారు. వారం తిరిగేసరికి మా అతిథి గృహంలో దిగిన అధికారులు ఉదయం పూట వాకింగు పేరుతో గేటు దాటడం మొదలుపెట్టారు. పేరిశాస్త్రి గారిని ఆ బెంచీ మీద నేను రెండుసార్లు చూశాను. ఆయన నన్ను చూడలేదు, చూడకూడదని అనుకున్నారు గనక.

ప్రామాణిక డబ్బీల ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. హాలంతా పూలదండలు. ప్రతి బల్ల మీదా ఎనభై నాలుగు బెజ్జాల డబ్బీ ఒకటి, నూట ముప్పై ఒక్క బెజ్జాల డబ్బీ ఒకటి. ఉప్పు డబ్బీలో పదకొండేసి ఆర్ద్రతా శోషకాలు. మంత్రిగారు కీరా ముక్క మీద డబ్బీ బోర్లించి దులిపారు. కెమెరాలు వెలిగాయి. ఇంకోసారి దులిపారు. ముఖం ఎర్రబడేదాకా దులిపారు. బియ్యం చెమ్మను పీల్చుకుంది గానీ సూదిమొన బెజ్జాలను పెద్దవి చేయలేకపోయింది. ఏమీ రాలలేదు.

విద్యాధరరావు గారి మొహంలో నెత్తురుచుక్క లేదు. మంత్రిగారు ముక్క నోట్లో పెట్టుకుని నమిలారు.

"మంచిదేనయ్యా. మా డాక్టరు నన్ను ఎలాగూ ఉప్పు మానెయ్యమన్నాడు" అన్నారు.

పేరిశాస్త్రి గారు మైకు అందుకున్నారు. అంత పెద్ద ఇంజనీరు ఎలా అయ్యారో నాకు ఆ క్షణంలో తెలిసింది. "గౌరవనీయులైన మంత్రివర్యులు మా సంఘం అంతిమ లక్ష్యాన్ని ఒక్క మాటలో ఆవిష్కరించారు. ఇది ఉప్పు వేసే పాత్ర కాదు, ఉప్పును నియంత్రించే పాత్ర. ఈ అతిథి గృహంలో నెలకు పదకొండు కిలోలున్న ఉప్పు వాడకం ప్రయోగదశలోనే నలభై గ్రాములకు తగ్గింది."

చప్పట్లు ఆగలేదు. ఆ నలభై గ్రాములూ బల్లకేసి కొట్టినప్పుడు పగిలిన డబ్బీలోవని నాకు తెలుసు. నేనూ చప్పట్లు కొట్టాను. హైమవతి గారు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఆరోగ్య రంగంలో విశేష కృషికి గాను సంఘానికి ఆ ఏడాది పురస్కారం వచ్చింది. విద్యాధరరావు గారికి పదోన్నతి వచ్చింది. పథకాన్ని ప్రజలందరికీ విస్తరించాలని నిర్ణయం జరిగింది. మొదటి విడతగా వచ్చిన ఉత్తర్వులో ఇలా ఉంది. 'ప్రభుత్వ అతిథి గృహముల ప్రవేశద్వారమునకు వంద మీటర్ల లోపు గల ఎల్ల భోజనశాలలు, ఫలహారశాలలు, బండ్లు ప్రామాణిక పాత్రలను మాత్రమే వినియోగించవలెను. మూతలేని ఉప్పు కనబడినచో సదరు స్థలమును వారము రోజులలో ఖాళీ చేయించవలెను.' అమలు బాధ్యత నోడల్ అధికారిది.

వంద మీటర్ల లోపు బళ్లు భీమునిరేవులో ఎన్నున్నాయో చూడటానికి నేను బయటికి వెళ్లనక్కర్లేదు. నా కిటికీలోంచి కనిపించేది ఒకటే.

మర్నాడు ఉదయం స్టోరులోంచి ముప్పై మీటర్ల టేపు తీసుకుని రోడ్డు దాటాను. బెంచీల మీద నలుగురైదుగురు తింటున్నారు. తవిటమ్మ పెనం మీద పిండి తిప్పుతోంది. నా చేతిలో కాగితం చూసింది.

"మళ్లీ పేపరు తెచ్చినారా?"

"తెచ్చాను" అని ఉత్తర్వు చదివి వినిపించాను. ఈసారి పూర్తిగా, ఒక్క ముక్క వదలకుండా. విని మట్టి చిప్ప వంక చూసింది, గేటు వంక చూసింది.

"ముప్పై అడుగులు నేదు. కొలిసీదేటి ఇందులో?"

"ప్రవేశద్వారం నుంచి అని రాశారు. ఏ ద్వారమో రాయలేదు."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. మా అతిథి గృహానికి వెనక ఇంకో గేటుంది. సముద్రం వైపు, సరుగుడు తోటలోకి. అక్కణ్ణుంచే పంతొమ్మిదేళ్లు ఆవిడ రోజూ పనిలోకి వచ్చింది.

పెనం దించి, తింటున్నవాళ్లను చూసుకొమ్మని చెప్పి నా వెంట వచ్చింది. వెనక గేటు దగ్గర టేపు కొస ఆవిడ పట్టుకుంది, నేను చుట్ట విప్పుకుంటూ ప్రహరీ గోడ వెంట నడిచాను. ముప్పై అయ్యాక ఆవిడ వచ్చి నా చోట నిలబడేది, నేను ముందుకు నడిచేవాణ్ణి. గోడ మూల తిరిగి, రోడ్డు దాటి, బండి దగ్గర టేపు ఆగింది. లెక్క కట్టాను. తొంభై ఏడు.

తవిటమ్మ నా మొహం చూసి, "ఎంతొచ్చినాది?" అన్నది. చెప్పాను.

ఆవిడ గోడ వెంట వెనక్కి చూసింది. "మీరు టేపు ముళ్లకంప మీంచి నాగినారు. ఆ కంపలోంచి మనిసి ఎలగెల్తాడు? ఎల్లీదారి ఇసక మీద నుండి తిరిగొత్తాది. మనిసి నడిసీదారి కొలవాల గానీ, కాకెగిరీదారి కాదు కదా."

ఉత్తర్వు తీసి చూశాను. దారి ఎలా కొలవాలో అందులో లేదు. మళ్లీ మొదటి నుంచీ కొలిచాం. కంప చుట్టూ ఇసుక మీద నుంచి టేపు వంచి పట్టుకున్నాం. ఈసారి నూట నాలుగు వచ్చింది. నివేదిక అక్కడే బెంచీ మీద కూర్చుని రాశాను. 'వెనుక ప్రవేశద్వారము నుండి నడకదారిన నూట నాలుగు మీటర్లు. ఉత్తర్వు పరిధిలో బండ్లేవియు లేవు.' కింద సంతకం పెట్టాను. విద్యాధరరావు గారి కార్యాలయం నుంచి ఏదో ఒక రోజు జవాబు వస్తుందని నాకు తెలుసు.

తవిటమ్మ పెసరట్టు తెచ్చి ముందు పెట్టింది. చిప్పలోంచి చిటికెడు ఉప్పు తీసి ప్లేటు అంచున వేసింది. పక్కనే నిలబడింది.

"మద్యానం ఎండ నేరుగా పొయ్యి మీద పడతన్నాది. బండి నాలుగు మీటర్లు ఇటు జరిపితే సెట్టు నీడ తగుల్తాది. జరపొచ్చా?"

నూట నాలుగులోంచి నాలుగు తీసేస్తే వంద. వంద మీటర్ల లోపు అంటే సరిగ్గా వంద కూడా అందులోకి వస్తుందా రాదా అని అట్టు తుంచుతూ ఆలోచించాను.

"మూడు జరుపు. ఒకటి నాకుంచు" అన్నాను.